విటమిన్ సి సీరం ముడతలు తగ్గిస్తుందా? మన ఎండకీ ఉక్కకీ దాన్ని ఎలా వాడాలి?

మీరు రాసింది ఇదీ: వయసు 43, రాజోలు దగ్గర ఊరు, రోజూ బండి మీద అమలాపురం వెళ్ళి బళ్ళో పాఠాలు చెబుతారు. కళ్ళ చివర సన్నగీతలు పడుతున్నాయి, బుగ్గల మీద మంగు ఉంది. మీ ఆడపడుచు హైదరాబాద్ నుంచి 20 శాతం విటమిన్ సి సీరం తెచ్చిచ్చారు. మొదట్లో నీళ్ళలా ఉన్నది రెండు నెలలకి టీ డికాషన్ రంగుకి తిరిగింది, రాస్తే మండుతోంది. ఆ సీసా వాడొచ్చా, అసలు ముడతలు తగ్గుతాయా, దాని బదులు నిమ్మరసమో, విటమిన్ సి బిళ్ళలు నూరో రాసుకుంటే చాలదా అని అడిగారు.

ముందు సూటిగా చెబుతాను. సన్నగీతలు తగ్గుతాయి, చర్మం నునుపు తేలుతుంది, మచ్చల రంగు కొంత పల్చబడుతుంది. లోతుగా దిగిన ముడతలు మాత్రం పోవు. మీ దగ్గరున్న సీసా పారేయండి. 20 శాతం మీకు అక్కర్లేదు, 10 శాతంతో మొదలుపెట్టండి. రోజూ పొద్దున రాసి, పైన సన్‌స్క్రీన్ తప్పకుండా వేసుకుంటే మొహంలో కళ ఒకటి రెండు నెలల్లో తెలుస్తుంది. గీతల్లో తేడా కనపడ్డానికి మూడు నెలల నుంచి ఆరు నెలలు పడుతుంది. సన్‌స్క్రీన్ నా వల్ల కాదు, సీరం ఒక్కటే రాస్తాను అంటారా, ఆ డబ్బులు సన్‌స్క్రీన్ మీదే పెట్టండి, అదే ఎక్కువ మేలు చేస్తుంది. నిమ్మకాయా వద్దు, బిళ్ళలూ వద్దు. ఎందుకో కింద వివరంగా రాస్తున్నాను.

ఇది చర్మంలో చేసే పని ఏంటంటే

చర్మం పై పొర కింద కొల్లాజెన్ అనే పీచు అల్లిక ఉంటుంది. చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచేది అదే. వయసుతో అది తగ్గుతుంది, ఎండ తగిలిన చోట ఇంకా తొందరగా తగ్గుతుంది. కొల్లాజెన్ పోగులు గట్టిపడాలంటే రెండు మూడు ఎంజైములు పనిచెయ్యాలి, వాటిలో ఉన్న ఇనుము చురుగ్గా ఉండాలంటే విటమిన్ సి కావాలి. తిండిలో విటమిన్ సి బొత్తిగా లేనివాళ్ళకి చిగుళ్ళ నుంచి నెత్తురు కారేదీ, గాయాలు మానకుండా ఉండేదీ అందుకే. ఇది మొదటి పని. రెండోది, ఎండ చర్మంలో పుట్టించే ఫ్రీ రాడికల్స్‌ని, అంటే కణాల్ని దెబ్బతీసే చురుకైన అణువుల్ని, అక్కడికక్కడే అణచటం. మూడోది, మచ్చకి రంగునిచ్చే మెలనిన్ తయారీలో టైరోసినేజ్ అనే ఎంజైము ఉంటుంది, దాని జోరు తగ్గించటం.

మరి రోజూ జామకాయ తింటే సరిపోదా అని చాలామంది అడుగుతారు. జామకాయ తినండి, మంచిదే. 100 గ్రాముల జామకాయలో సుమారు 200 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటుంది, ఆడవాళ్ళకి రోజుకి కావలసింది 65 మిల్లీగ్రాములే. కానీ తిన్నది ఒళ్ళంతా పంచుకుపోతుంది, మిగిలింది మూత్రంలో పోతుంది. మొహం మీది చర్మానికి ఇంకాస్త ఎక్కువ చేర్చాలంటే పైనుంచి రాయటమే దారి. రోజుకి వెయ్యి మిల్లీగ్రాముల బిళ్ళలు మింగినంత మాత్రాన కళ్ళ చివర గీతలు పోవు.

20 శాతం ఎందుకు వద్దంటున్నానంటే

అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో షెల్డన్ పినెల్ అనే చర్మవైద్యుడి బృందం పందుల చర్మం మీద చేసిన ప్రయోగాలు 2001లో అచ్చయ్యాయి. సీరంల గురించి ఇవాళ మనం చెప్పుకునే లెక్కల్లో చాలా భాగం అక్కణ్ణుంచి వచ్చినవే. అందులో తేలింది: విటమిన్ సి చర్మంలోకి దిగాలంటే ద్రావణం పీహెచ్ 3.5 కంటే తక్కువ ఉండాలి, అంటే బాగా పుల్లగా ఉండాలి. శాతం పెంచే కొద్దీ 20 వరకు లోపలికి పోయేది పెరిగింది, 20 దాటాక పెరగలేదు. వరసగా మూడు రోజులు రాస్తే చర్మం నిండిపోయింది. చర్మంలో చేరింది సగానికి తగ్గడానికి సుమారు 4 రోజులు పట్టింది.

ఈ ఆఖరి మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఒకసారి చేరిన విటమిన్ సి మొహం కడిగితే పోదు, చెమట పడితే పోదు. ఒక రోజు మానేస్తే నష్టం లేదు. రోజుకి రెండుసార్లు రాస్తే రెట్టింపు లాభమూ లేదు.

20 శాతం పనిచెయ్యదని కాదు. అంత పుల్లటిది మన చర్మం మీద మంట పుట్టిస్తే, ఆ మంటే మచ్చ అయి కూర్చుంటుంది. తెల్లతోలు వాళ్ళకి ఎర్రబడి తగ్గిపోయేది మన చామనఛాయ చర్మం మీద నల్లగా నెలల తరబడి ఉంటుంది. మీకు అప్పటికే మంగు ఉంది కాబట్టి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. 5 శాతం క్రీముతోనే ఆరు నెలల పాటు మెడ కింది భాగం మీదా చేతుల మీదా చేసి, 2003లో ప్రచురించిన పరీక్షలో కూడా ఎండకి దెబ్బతిన్న చర్మం మెరుగుపడింది. కాబట్టి తక్కువ శాతం అని చిన్నచూపు అక్కర్లేదు. 10 శాతం, పడితే 15. అక్కడ ఆపండి.

రంగు తిరిగిన సీసా సంగతి

ప్రశ్నలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనపడింది ఇదే. సీరం పనిచెయ్యలేదని వచ్చేవాళ్ళలో చాలామంది సీసాలో విటమిన్ సి అప్పటికే చచ్చిపోయి ఉంటుంది.

ఎల్-ఆస్కార్బిక్ ఆమ్లం అనేది విటమిన్ సి అసలు రూపం. నీళ్ళలో కలిపాక దానికి గాలి, వెలుతురు, వేడి మూడూ పడవు. ఇనుము, రాగి లాంటి లోహాలు ఏ కాస్త తగిలినా ఇంకా తొందరగా చెడుతుంది. కోసిన వంకాయ ముక్క గాలికి నల్లబడినట్టే ఇదీ పసుపు, నారింజ, గోధుమ రంగుల్లోకి దిగుతుంది. చివర్లో మిగిలే వాటిలో ఎరిత్రులోజ్ అనే చక్కెర ఒకటి ఉంటుంది. విదేశాల్లో తెల్లవాళ్ళు చర్మం గోధుమ రంగుకి తెచ్చుకోవడానికి రాసుకునే లోషన్లలో వాడేవాటిలో అదీ ఒకటి. అంటే రంగు తగ్గుతుందని మీరు రాసేది మంగు మీద పసుపు గోధుమ పూత వేస్తోంది. విషమేమీ కాదు, కానీ పని చెయ్యదు, మండుతుంది, మరకలు పెడుతుంది.

ఎలా పోల్చుకోవాలంటే: కొత్త సీసా తెరిచిన రోజునే తెల్ల టిష్యూ కాగితం మీద ఒక చుక్క వేసి ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. కొన్ని సీరంలు మొదట్నుంచీ లేత పసుపుగానే ఉంటాయి, అందుకే మొదటి రోజు రంగు తెలిసి ఉండాలి. తర్వాత పదిహేను రోజులకోసారి అలాగే చుక్క వేసి ఆ ఫొటోతో పోల్చండి. సీసా గాజు ముదురు రంగులో ఉంటుంది కాబట్టి బయటినుంచి చూస్తే ఏమీ తెలియదు. లేత పసుపు దాకా పర్వాలేదు. ముదురు పసుపైతే తొందరగా వాడేయండి. నారింజ రంగు వచ్చిందంటే ఇక పారేయటమే. డ్రాపర్ మెడ దగ్గర, మూత మరల్లో గోధుమ రంగు జిగురు కట్టడం కూడా గుర్తే. చాలాసార్లు లోపలి ద్రావణం కంటే ముందు అక్కడే రంగు తిరుగుతుంది.

మన గోదావరి డెల్టాలో ఇది ఇంకా కష్టం. మే నెలలో ఇంట్లో గదిలోనే 35 డిగ్రీలు దాటుతుంది, గాలిలో తడి సరేసరి. సీరం పెట్టే చోటు చూస్తే, స్నానాల గదిలో అలమరా, లేదంటే కిటికీ పక్కన అద్దం బల్ల, లేదంటే బండి డిక్కీ. మూడూ పనికిరావు. ఫ్రిజ్‌లో పెట్టండి, లోపలి అరలో, మూత గట్టిగా బిగించి, దాని అట్టపెట్టెతో సహా. కరెంటు రెండు మూడు గంటలు పోయినా తలుపు తెరవకపోతే ఇబ్బంది లేదు. పొద్దున తీసి, చుక్కలు వేసుకుని, వెంటనే మూత పెట్టి లోపల పెట్టేయాలి. సీసా బయట వదిలి తల దువ్వుకుని వచ్చేసరికి దాని మీద చెమ్మ పడుతుంది, డ్రాపర్ తెరిచే ఉంటే ఆ నీళ్ళు లోపలికి దిగుతాయి.

కొనేటప్పుడు ఒక లెక్క వేసుకోండి. ఒక మిల్లీలీటరుకి సుమారు 20 చుక్కలు. 30 మిల్లీలీటర్ల సీసాలో 600 చుక్కలు. మొహానికీ మెడకీ రోజుకి 5 చుక్కలు చాలు, అంటే 120 రోజులు వస్తుంది. తెరిచిన సీరం మన దగ్గర రెండు, మహా అయితే మూడు నెలలు బాగుంటుంది. పెద్ద సీసా చవకని కొంటే ఆఖరి నెలంతా చెడిపోయినదే రాసుకుంటారు. 15 లేదా 20 మిల్లీలీటర్ల సీసా కొనండి. డ్రాపర్ కంటే గాలి చొరబడని పంపు ఉన్నది మేలు. తయారీ తేదీ ఆరు నెలల లోపు ఉండాలి. ఒకటి కొంటే ఒకటి ఉచితం అనేవి వద్దు, రెండోది వంతు వచ్చేసరికి పాతబడుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే పార్శిల్ వ్యానులోనూ గోడౌన్‌లోనూ రోజుల తరబడి ఉడుకుతుంది, ఆ నెలల్లో ఏసీ ఉన్న మందుల షాపులో కొనుక్కోవటం నయం.

ఏ రకం కొనాలి

అట్టపెట్టె మీద ఎల్-ఆస్కార్బిక్ ఆమ్లం 10 నుంచి 15 శాతం, దాంతోపాటు విటమిన్ ఇ, ఫెరులిక్ ఆమ్లం ఉంటే మంచి ఎంపిక. ఇదీ పినెల్ బృందం చూపించిందే, 2005లో: 15 శాతం సి, 1 శాతం ఇ ఉన్న ద్రావణంలో అర శాతం ఫెరులిక్ ఆమ్లం కలిపితే ద్రావణం నిలకడగా ఉండటమే కాక, ఎండ దెబ్బ నుంచి ఇచ్చే కాపుదల సుమారు రెట్టింపైంది. శాతం ఎంతో రాయకుండా "విటమిన్ సి సారం" అని మాత్రమే ఉన్నవి, కమలాపండు బొమ్మ వేసి అమ్మేవి వదిలేయండి.

చర్మం సున్నితమైనవాళ్ళకీ, మొటిమలు వచ్చేవాళ్ళకీ, ఫ్రిజ్ గొడవ వద్దనుకునేవాళ్ళకీ వేరే రూపాలున్నాయి: సోడియం ఆస్కార్బిల్ ఫాస్ఫేట్, మెగ్నీషియం ఆస్కార్బిల్ ఫాస్ఫేట్, ఇథైల్ ఆస్కార్బిక్ ఆమ్లం, ఆస్కార్బిల్ గ్లూకోసైడ్. ఇవి అంత తొందరగా చెడవు, మంట తక్కువ. ముడతల మీద వీటికున్న రుజువులు అసలు రూపానికి ఉన్నన్ని లేవు. అయినా సీసాలో చచ్చిపోయిన 20 శాతం కంటే బతికున్న ఇవి నయం. మీకు ఇప్పటికే మండిన చర్మం కాబట్టి మొదటి సీసా వీటిలోది తీసుకుంటే నేనైతే తప్పుపట్టను.

నూనె రూపంలో వచ్చే సీరంలు కూడా ఉన్నాయి. మన ఉక్కలో అవి జిడ్డుగా నిలిచి చెమటకాయలు, మొటిమలు తెప్పిస్తాయి. నీళ్ళలాంటిదో జెల్‌లాంటిదో చూసుకోండి.

రాసే పద్ధతి

కొత్తది తెచ్చాక మూడు రోజుల పాటు చెవి వెనక ఒక చుక్క రాసి చూడండి. దురద, దద్దురు లేకపోతే మొహానికి మొదలుపెట్టొచ్చు. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు, తర్వాత రోజూ.

పొద్దున మొహం తేలికపాటి ఫేస్‌వాష్‌తో కడగండి. ఒంటిసబ్బు వద్దు, అది చర్మాన్ని క్షారంగా మార్చి పొడిబారుస్తుంది, ఆపైన సీరం మండుతుంది. మీవైపు బోరునీళ్ళు ఉప్పగానో, ఇనుము కలిసి తుప్పురంగుగానో వస్తుంటే ఆఖరున ఒక చెంబు ఫిల్టరు నీళ్ళతో మొహం కడుక్కోండి. మెత్తటి తువ్వాలుతో అద్ది పూర్తిగా ఆరనివ్వండి. తడి మొహం మీద రాస్తే మంట ఎక్కువ, సీరం పల్చబడి పీహెచ్ కూడా మారుతుంది.

4 లేదా 5 చుక్కలు. అరచేతిలో పోసుకుని రుద్దుకోవద్దు, సగం అరచేతికే పోతుంది. వేళ్ళ కొసల మీద వేసుకుని నుదుటికి, రెండు బుగ్గలకి, గడ్డానికి అద్ది పల్చగా పరవండి. డ్రాపర్ మొహానికి తాకకూడదు. కళ్ళ చివర గీతలకి వేరే చుక్క అక్కర్లేదు, వేళ్ళకి మిగిలిన తడి చాలు, అదీ ఎముక మీద వరకే. రెప్పకి దగ్గరగా రాస్తే చెమటతో కంట్లోకి దిగి మధ్యాహ్నం దాకా నీళ్ళు కారతాయి. మెడకి ఒక్క చుక్క చాలు. తర్వాత చేతులు కడుక్కోండి, లేకపోతే గోళ్ళ చుట్టూ పచ్చటి మరక పడుతుంది.

5 నుంచి 10 నిమిషాలు ఆగండి. అప్పుడు మాయిశ్చరైజర్. వేసవిలో సన్‌స్క్రీనే కాస్త మెత్తగా ఉండేదైతే ఇది మానేయొచ్చు. ఆపైన సన్‌స్క్రీన్. ఆగకుండా ఒకదాని మీద ఒకటి వేస్తే పైకి ఉండలు ఉండలుగా రాలిపోతుంది, సన్‌స్క్రీన్ కూడా దాంతోపాటే పోతుంది.

పొద్దున తీరిక లేనివాళ్ళు, తెల్లవారుజామునే రొయ్యల పట్టుబడికో నాట్లకో వెళ్ళేవాళ్ళు రాత్రి రాసుకోవచ్చు. చర్మంలో రోజుల తరబడి ఉంటుందని చెప్పాను కదా. కాకపోతే దిండు గలీబుకి మరకలు పడతాయి, ముదురు రంగుది వేసుకోండి.

ఎక్కడ తేడా వస్తుందంటే

రాసిన ఒకటి రెండు నిమిషాలు సన్నగా చిమచిమలాడటం మామూలే. పది నిమిషాలైనా మంట తగ్గకపోయినా, ఎర్రబడినా కడిగేసి నాలుగైదు రోజులు మానండి. మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు మాయిశ్చరైజర్ ముందు రాసి, దాని మీద సీరం రాయండి. కొంచెం తక్కువ దిగుతుంది గానీ చర్మం తట్టుకుంటుంది. అయినా మండితే ఆ సీరం మీకు పడదు.

సున్నిపిండితో మొహం రుద్దుకున్న రోజున, పార్లర్‌లో కనుబొమ్మలు చేయించుకున్న రోజున, బ్లీచ్ పెట్టించుకున్నాక రెండు రోజులు సీరం వద్దు. సంక్రాంతికీ పెళ్ళిళ్ళకీ ముందు ఈ మూడూ ఒకే వారంలో చేయించుకుని మొహం కమిలిపోయి వచ్చేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు.

మొటిమలకి బెంజాయిల్ పెరాక్సైడ్ వాడుతుంటే రెండూ ఒకేసారి రాయకండి, అది విటమిన్ సిని చెడగొడుతుంది. ఒకటి పొద్దున, ఒకటి రాత్రి. గ్లైకాలిక్ ఆమ్లం లాంటివి కూడా మొదటి రెండు నెలలు పక్కన పెట్టండి. నియాసినమైడ్‌తో కలిపి వాడొచ్చు, పడదని తిరిగే మాటని పట్టించుకోనక్కర్లేదు.

ముక్కు మీది నల్లచుక్కలు, చర్మ రంధ్రాలు ఇంకా ముదురుగా కనపడుతున్నాయంటే సీరం మిగులు అక్కడ నిలిచి రంగు తిరుగుతోందని అర్థం. చుక్కలు తగ్గించండి, రాత్రి మొహం శుభ్రంగా కడగండి.

నిమ్మకాయ, బిళ్ళలు

నిమ్మరసంలో ఉండే విటమిన్ సి వంద గ్రాములకి 30 నుంచి 50 మిల్లీగ్రాములు. అంటే 0.05 శాతానికి మించదు. పులుపంతా సిట్రిక్ ఆమ్లానిది. పీహెచ్ 2 దగ్గర ఉండే ఆ రసం చర్మాన్ని కాలుస్తుంది, లాభం మాత్రం ఇవ్వదు. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది. నిమ్మతొక్కలో, రసంలో సోరాలెన్లు అనే పదార్థాలుంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే ఒకటి రెండు రోజుల్లో బొబ్బలెక్కి, ఆ తర్వాత రసం కారిన దారి వెంట నల్లటి చారలు పడతాయి. అవి పోవడానికి వారాలు కాదు, నెలలు పడుతుంది. నిమ్మచెక్క మొహానికి రుద్దుకుని బండెక్కితే జరిగేది అదే.

చప్పరించే బిళ్ళల్లో విటమిన్ సితో పాటు చక్కెర, రంగు, సువాసన కలిసి ఉంటాయి. చాలావాటిలో విటమిన్ సి కొంత సోడియం ఆస్కార్బేట్ రూపంలో ఉంటుంది, దాంతో పులుపు తగ్గిపోయి చర్మంలోకి దిగదు. స్వచ్ఛమైన పొడి తెచ్చి ఇంట్లో కలుపుకుందామన్నా, 10 శాతం ద్రావణం పీహెచ్ 2.5 కంటే కిందకి ఉంటుంది, కాలుతుంది. దాన్ని 3 కి తేవాలంటే పీహెచ్ కొలిచే పరికరం, డిస్టిల్డ్ వాటర్, గ్రాములో పదో వంతు తేడా కూడా తూచగల త్రాసు కావాలి, ప్రతి వారం కొత్తగా కలుపుకోవాలి. బజార్లో మంచి సీరం దొరుకుతుంటే ఇంత తంటా ఎందుకండి.

సన్‌స్క్రీన్ లేకపోతే

రాజోలు నుంచి అమలాపురం బండి మీద వెళ్ళి రావటమంటే ఎదురెండ రెండుసార్లు. మన ప్రాంతంలో వేసవి మధ్యాహ్నం యూవీ ఇండెక్స్, అంటే ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాల తీవ్రత కొలత, 10 దాటుతుంది. దారంతా కొబ్బరిచెట్ల నీడే కదా అనుకోకండి, ఆకుల సందుల్లోంచి, ఆకాశం నుంచి పరుచుకుని వచ్చే కిరణాలు నీడలోనూ తగులుతాయి. పల్చటి మబ్బు వాటిని పెద్దగా ఆపదు. ముడతలు తెచ్చే యూవీఏ అయితే బస్సు కిటికీ అద్దంలోంచి కూడా వస్తుంది. విటమిన్ సి ఆ దెబ్బని కొంత తట్టుకోనిస్తుందే తప్ప కిరణాల్ని ఆపదు.

ఎస్‌పీఎఫ్ (చర్మం కమలకుండా కాపాడే కొలత) 50, పీఏ (యూవీఏని ఆపే కొలత) గుర్తు పక్కన కనీసం మూడు ప్లస్సులు ఉన్నది తీసుకోండి. చూపుడు వేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు తీస్తే వచ్చేది మొహానికీ మెడకీ ఒక పూటకి, సుమారు 1 గ్రాము. 50 గ్రాముల ట్యూబు రోజుకి రెండుసార్లు వేస్తే 25 రోజులే వస్తుంది. నాలుగు నెలలైనా ట్యూబు అయిపోలేదంటే మీరు వేస్తున్నది పనికొచ్చేంత కాదు. బడి నుంచి బయల్దేరే ముందు చెమట తుడిచి మళ్ళీ వేసుకోండి. పైన చున్నీ, హెల్మెట్ ఎలాగూ ఉండాల్సిందే.

మంగుకి ఇంకో మాట. మంగు ఎండకే కాదు, మామూలు వెలుతురుకీ, పొయ్యి సెగకీ, హార్మోన్లకీ ముదురుతుంది. ఐరన్ ఆక్సైడ్ కలిసిన, చర్మం రంగులో ఉండే టింటెడ్ సన్‌స్క్రీన్ వెలుతురుని కూడా ఆపుతుంది, మీరు అదే కొనండి. విటమిన్ సి ఒక్కదానితో మంగు పూర్తిగా పోతుందని ఆశపెట్టుకోవద్దు. ఎజిలాయిక్ ఆమ్లం లాంటివి చర్మవైద్యులు చూసి చెబితే వాడాలి.

ఇది చెయ్యలేని పనులు

ముక్కు పక్కనుంచి పెదవి దాకా దిగే మడతలు, నుదుటి మీద కనుబొమ్మల మధ్య గాట్లు, జారిన దవడ చర్మం వీటికి సీరం చాలదు. కళ్ళ చివర గీతలు నవ్వినప్పుడే కనపడుతున్నాయా, మామూలుగా ఉన్నప్పుడూ ఉన్నాయా అద్దంలో చూసుకోండి. మొదటి రకానికి సీరం కొంత సాయపడొచ్చు. రెండో రకానికి మూడు నెలల తర్వాత, చర్మం అలవాటుపడ్డాక, రాత్రిపూట రెటినాల్ (విటమిన్ ఎ రూపం) జోడిస్తే ఫలితం పెరుగుతుంది. ముడతల మీద రెటినాల్ లాంటి రెటినాయిడ్లకే ఎక్కువ రుజువులున్నాయి. వారానికి రెండు రాత్రులు, బఠాణీ గింజంత, అంతే. గర్భంతో ఉన్నవాళ్ళు, గర్భం కోసం చూస్తున్నవాళ్ళు రెటినాల్ ముట్టకూడదు. విటమిన్ సి రాసుకోవచ్చు.

ఇంట్లో ఎవరైనా లంకపొగాకు చుట్టలో సిగరెట్లో కాలుస్తుంటే, పెదాల చుట్టూ ముడతలకి సీరం కొనే ముందు ఆ పొగ ఆపించండి. పొగ శరీరంలోని విటమిన్ సిని కరిగిస్తుంది, కొల్లాజెన్‌ని తెంపుతుంది.

చివరిగా, మీరు ప్రశ్నలో రాయని విషయం ఒకటి అడుగుతాను. మంగుకి మందుల షాపులో అడిగి ఏదైనా ట్యూబు వాడుతున్నారా? మనవైపు ఇది చాలా ఎక్కువ. అందులో స్టెరాయిడ్ ఉంటే వారంలో మొహం తెల్లబడుతుంది, మానేయగానే ఎర్రబడి, మండి, సన్నటి నెత్తురు గీతలు, మొటిమలు, బుగ్గల మీద నూగు వెంట్రుకలు వస్తాయి. చర్మం పల్చబడి ఎండలోకి వెళ్తే చాలు మంట. అలాంటి మొహం మీద 5 శాతం విటమిన్ సి కూడా నిప్పులా తగులుతుంది. మీకు మంట పుట్టడానికి చెడిపోయిన సీరం ఒక్కటే కారణమా, ఇది కూడా ఉందా అన్నది తేల్చుకోవాలి. ట్యూబు తిప్పి చిన్న అక్షరాలు చదవండి: బీటామెథాసోన్, క్లోబెటసాల్, మోమెటాసోన్, ఫ్లూసినోలోన్. ఇవన్నీ స్టెరాయిడ్లు. వీటిలో ఏ పేరున్నా ఉన్నట్టుండి మానేయకండి, కొత్త సీరం కూడా మొదలుపెట్టకండి. ఆ ట్యూబు చేత్తో పట్టుకుని ముందు చర్మవైద్యుల దగ్గరికి వెళ్ళండి. నెమ్మదిగా మాన్పించి చర్మం కుదుటపడేదాకా కొన్ని నెలలు పట్టొచ్చు. అప్పటిదాకా మీ మొహానికి తేలికపాటి ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్, ఈ మూడే.